మాల తీసిన తర్వాత: నెల్లూరు జిల్లా నుంచి ఒక మద్యం వ్యసన కేసు

డీఅడిక్షన్‌లో, అంటే తాగుడు మాన్పించే చికిత్సలో, మందుల భాగం మనకు బాగానే వచ్చు. వారం పది రోజుల్లో చేతుల వణుకు తగ్గుతుంది, నిద్ర పడుతుంది, అన్నం సహిస్తుంది. ఆ తర్వాత మనిషిని ఎవరి చేతిలో పెట్టాలన్న దగ్గరే చాలా కేసులు జారిపోతున్నాయి. "ఏఏ మీటింగ్‌కు వెళ్ళండి" అని డిశ్చార్జి కాగితం మీద ఒక లైను రాస్తాం. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని తమ సంగతులు చెప్పుకునే సంఘం. ఆ లైను చదివి, తనంతట తాను లేచి మీటింగ్‌కు వెళ్ళినవాళ్ళు నాకు బహు అరుదుగా కనబడ్డారు. ఒక మనిషి మొదట ఎందుకు వెళ్ళలేకపోయాడు, తర్వాత ఎలా చేరుకున్నాడు అన్నదే ఈ కేసులో నాకు ముఖ్యం. నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. అందుకని మందుల సంగతి క్లుప్తంగా, మిగతాది వివరంగా రాస్తాను. ఆయన, ఆయన భార్య ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

మనిషి, పని

రమణయ్య (అసలు పేరు కాదు) వయసు 44. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల కాడ సూపర్‌వైజర్. వనామి రొయ్యల సాగు తెలిసినవాళ్ళకు ఆ ఉద్యోగం ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. నీళ్ళలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఆ వేళకు కరెంటు పోయి, నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగి, జనరేటర్ వెంటనే అందుకోకపోతే ఒక పంట మొత్తం పోయినట్టే. కాబట్టి రాత్రంతా మెలకువ. షెడ్డులో ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు, దోమలు, గట్టు దిగితే బెల్టుషాపు. రమణయ్య మొదట్లో రాత్రి మెలకువ కోసం తాగాడు. తర్వాత పగలు నిద్ర కోసం తాగాడు. మా దగ్గరికి వచ్చేనాటికి పొద్దున్నే చేతులు వణక్కుండా ఉండటానికి తాగుతున్నాడు. రొయ్య మేత తిన్నదో లేదో చూడాలంటే మేత పెట్టి నీళ్ళలోకి దించిన చెక్‌ట్రే అనే పళ్ళేన్ని తాడుతో మెల్లగా, నిలకడగా పైకి లాగాలి. నైంటీ (90 మిల్లీలీటర్ల మద్యం) వేసుకోకుండా తాడు పట్టుకుంటే ట్రే ఊగిపోయి మిగిలిన మేతంతా నీళ్ళలో కలిసిపోయేదట. అప్పుడు ఎంత మేత మిగిలిందని రిజిస్టర్లో రాయాలి? అందాజుగా రాసేవాడు. ఓనరుకు అనుమానం అక్కడే మొదలైంది.

రోజుకు రెండు క్వార్టర్లు. 42.8 శాతం ఆల్కహాల్ ఉన్న 180 మిల్లీలీటర్ల సీసాలో అసలు ఆల్కహాల్ దాదాపు 60 గ్రాములు, అంటే రెండింటికి 120 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పరీక్షలో 40కి 28 వచ్చింది. 20 గానీ, ఆపైన గానీ వస్తేనే వ్యసనం ముదిరిందేమోనని చూడాలి.

భార్య, ఆమె అన్న కలిసి తీసుకొచ్చారు. అప్పటికి ఒకసారి ఇంకోచోట చేరి, మందులు వాడి, మూడు వారాలకే మళ్ళీ మొదలుపెట్టాడు. అక్కడ వెళ్ళేటప్పుడు ఇచ్చిన మీటింగ్ అడ్రస్ కాగితం ఇంకా పర్సులోనే ఉంది, మడతల దగ్గర చిరిగిపోయి. పారెయ్యలేదు, అలాగని వెళ్ళనూ లేదు. ఎందుకని అడిగితే ఆయన చెప్పిన జవాబు ఇప్పుడు మా దగ్గర పనిచేసే పిల్లలందరికీ చెబుతుంటాను:

"పోయి ఎవర్నడగాల మేడం? గేటు కాడ వాచ్‌మన్‌ని, తాగుబోతుల మీటింగ్ యాడబ్బా అని అడగమంటారా?"

ఇంకొక సంగతి కూడా ముందే చెప్పాలి. ఎవరో ఇచ్చిన 'మానుడు పొడి'ని భార్య ఒకసారి చేపల పులుసులో కలిపి పెట్టింది. ఆయన ఆ రాత్రి తాగాడు. మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులతో పడిపోతే ఆటోలో ఆసుపత్రికి మోసుకెళ్ళారు. లక్షణాలను బట్టి చూస్తే అది డైసల్ఫిరామ్. ఆ మందు తీసుకున్న మనిషి తాగితే ఒంట్లో ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పేరుకుపోతుంది. బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మందు ఆపేసిన రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు పర్యవేక్షణలో ఇవ్వాల్సిన మందు అది. ఇలా దొంగచాటుగా పెట్టే పొడులు మన జిల్లాల్లో ఇంకా అమ్ముతున్నారు, భార్యల నిస్సహాయత మీద బతుకుతున్నారు. ఆ ఇంట్లో జరిగిన నష్టం ఒక్క ఆసుపత్రి బిల్లుతో పోలేదు. రమణయ్య ఇంట్లో పులుసు తినడం మానేశాడు. ఎవరు ఏం పెట్టినా ముందు వాసన చూసేవాడు. మేము ఇచ్చే మాత్రలను కూడా అలాగే చూశాడు.

"మాలేస్తే చుక్క ముట్టను"

మొదటి రోజు ఆయన గట్టి వాదన ఇదే. "నేను తాగుబోతునైతే నలభయ్యొక్క రోజులు ఎట్టా ఉండగలను? మాలేస్తే చుక్క ముట్టను మేడం. కావాలంటే గురుస్వామిని అడగండి."

నిజమే. కొన్నేళ్ళుగా ప్రతి కార్తీకంలో అయ్యప్ప మాల వేస్తున్నాడు, దీక్ష ఉన్నన్నాళ్ళు ముట్టడం లేదు. కోస్తా జిల్లాల్లో పనిచేసే ప్రతి కౌన్సిలరూ ఈ మాట వినే ఉంటాడు. చాలామంది దీన్ని మొండివాదంగా తీసి పక్కన పెడతారు. నేను ఆ 41 రోజుల గురించే అడిగాను. పొద్దున ఎవరు లేపుతారు? సాయంత్రం ఎక్కడుంటారు? మనసు లాగితే ఎవరికి చెబుతారు?

చెప్పడం మొదలుపెట్టాక ఆయన గొంతు మారింది. తెల్లవారుజామున గురుస్వామి ఫోను. చన్నీళ్ళ స్నానం. సాయంత్రం పీఠం దగ్గర భజన, ఎవరింట్లో పడిపూజ ఉంటే అక్కడికి అందరూ కలిసి వెళ్ళడం. వంట కలిసే, పడక కలిసే. గుంటల కాడ రాత్రి డ్యూటీ మార్చమంటే ఓనరు మారుమాట్లాడడు. "ఊరంతా సామీ అంటారు. వైన్‌షాపాయన కూడా నన్ను చూస్తే సామీ అని దండం పెడతాడు. మాల తీసినాక ఎవురంటారు మేడం?"

కొండకు పోయొచ్చి మాల తీసిన సాయంత్రమే స్నేహితులు సీసాతో సిద్ధంగా ఉండేవారట.

ఆ 41 రోజులు ఆయన్ని నిలబెట్టినవాటిలో భక్తి ఉంది, కాదనను. కానీ భక్తితో పాటు ఒక గుంపు ఉంది, రోజూ ఒక వేళ ఉంది, అదే దారిలో ముందు నడిచిన ఒక పెద్ద ఉన్నాడు, చూసే కళ్ళు ఉన్నాయి. మాల తీసిన రోజు ఇవన్నీ ఒక్కసారిగా పోయేవి. "మీరు మానగలరని మీరే రుజువు చేశారు. నలభై రెండో రోజుకు మీకు మనుషులు కావాలి" అన్నాను. సపోర్ట్ గ్రూప్ అంటే ఏమిటో నేను వేరే వివరించాల్సిన పని పడలేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఒక సంవత్సరం మాల వేసిన రెండో రోజు రమణయ్యకు పీఠం దగ్గరే ఫిట్స్ వచ్చాయి. నిష్ఠలో ఏదో దోషం జరిగిందన్నారు. దోషం కాదు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనబడతాయి, ఒళ్ళంతా చెమటలు, వణుకు. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే ప్రాణాలు పోతాయి. రోజూ పొద్దున్నే తాగకపోతే చేతులు వణికేవాళ్ళు మాల వేయాలనుకుంటే ముందుగానే డాక్టరు దగ్గరికి రావాలి. ఈ మాట గురుస్వాములు చెబితే మేము చెప్పినదానికంటే బాగా చెల్లుతుంది. కార్తీకానికి ముందు పీఠాలకు వెళ్ళి మాట్లాడటం ఇప్పుడు నా పనిలో భాగం చేసుకున్నాను.

ఫిట్స్ చరిత్ర ఉంది కాబట్టి రమణయ్యను చేర్చుకునే చికిత్స చేశారు. తాగుడు ఆపినప్పటి వణుకు, ఫిట్స్ రాకుండా చూసే క్లోర్‌డయాజిపాక్సైడ్ ఇచ్చి తగ్గించుకుంటూ వచ్చారు, థయామిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు ఇచ్చారు. లివర్‌కు కొవ్వు పట్టింది గానీ ముదరలేదు. తర్వాత తాగాలన్న తపన తగ్గించే అకాంప్రోసేట్ మొదలుపెట్టారు, 333 మిల్లీగ్రాముల మాత్రలు పూటకు రెండు చొప్పున మూడు పూటలా. ఏ మాత్ర ఎందుకో కాగితం మీద తెలుగులో రాసి ఆయన చేతికే ఇచ్చాం. పులుసు సంగతి తర్వాత అది తప్పనిసరి అనిపించింది.

వార్డుకు వచ్చిన ఇద్దరు

ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలోని ఆక్రన్ ఊళ్ళో పుట్టింది. తాగుడుతో చితికిపోయిన ఒక స్టాక్ బ్రోకర్, అదే అవస్థలో ఉన్న ఒక సర్జన్ ఒకరి గోడు ఒకరికి చెప్పుకోవడంతోటే మొదలైంది. ఈనాటికీ దాని ప్రాణం అక్కడే ఉంది. కొత్తవాడి దగ్గరికి పాతవాళ్ళు వెళ్ళడం వాళ్ళ పన్నెండో మెట్టు. తాము మళ్ళీ తాగుడులో పడకుండా కాపాడుకోవడానికి వాళ్ళకు అది అవసరం కూడా. పిలిస్తే వస్తారు. మనం పిలవడం లేదు.

డిశ్చార్జికి ముందే రమణయ్య అనుమతితో, ఆయన ముందే, స్పీకర్‌లో పెట్టి నెల్లూరు సభ్యుడు ఒకాయనకు ఫోన్ చేశాను. మర్నాడు ఇద్దరు వచ్చారు. పెద్దాయన ఒకప్పుడు లారీ డ్రైవరు, తాగుడు మాని చాలా ఏళ్ళయింది. ఆయన రమణయ్యను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎంత తాగుతావు, ఎప్పటినుంచి, ఎందుకు, ఏదీ లేదు. తన కథ చెప్పుకుంటూ పోయాడు. వడ్ల లోడుతో వెళ్ళేటప్పుడు సీసాను టూల్‌బాక్సులో జాకీ వెనక గుడ్డచుట్టి పెట్టేవాడినని, క్లీనరుకు కూడా తెలియదనుకునేవాడినని చెప్పాడు.

అంతవరకు కిటికీ వైపు చూస్తున్న రమణయ్య ఇటు తిరిగాడు. "గుడ్డెందుకన్నా, చప్పుడు రాకుండానా?"

"ఆఁ. మరి నువ్వు యాడ పెట్టేవాడివి?"

"మేత మూటల్లో. నాలుగో వరసలో. కింద వరసది ఎవురూ ముందు తియ్యరు గదా."

ఇద్దరూ నవ్వారు. ఇన్ని రోజుల్లో మా బృందంలో ఎవరికీ ఆ మేత మూట సంగతి తెలియలేదు. నాలుగు ఇంటర్వ్యూలు చేసినా రాని మాట అది. తాగినవాడి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా దాని బరువు దించుకోలేడు. మా చదువుల వల్ల అయ్యే పని కాదది.

దారిలో అడ్డంకులు

ఒప్పుకోవడం వేరు, వెళ్ళడం వేరు. అడ్డంకులు ఒక్కొక్కటీ చిన్నవే. కానీ ఒక్కటి మిగిలినా మనిషి ఆగిపోతాడు.

మీటింగ్ సాయంత్రం. రమణయ్య డ్యూటీ కూడా అప్పుడే మొదలు. ఓనరుతో మాట్లాడదామంటే మొదట రమణయ్య ఒప్పుకోలేదు, పరువు. చివరికి తనే వెళ్ళి "సామీ, మాలేసినప్పుడు మార్చినట్టు నాకు పగలు డ్యూటీ ఇయ్యండి" అని అడిగాడు. ఓనరు వెంటనే ఇచ్చాడు. ఆరు నెలలుగా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నానన్నాడట. రాత్రిపూట షెడ్డుకు దూరం కావడం మీటింగ్ అంత మేలు చేసింది.

మీటింగ్ జరిగేది చర్చి ఆవరణలోని గదిలో. "మతం మార్చుకున్నాడంటారు ఊళ్ళో" అన్నాడు బావమరిది. ఈ అనుమానాన్ని కొట్టిపారెయ్యకూడదు. ఏఏకు సొంత భవనాలు ఉండవు, అద్దెకు ఎవరు గది ఇస్తే అక్కడ కూర్చుంటారు. చాలాచోట్ల చర్చిలు, బడులు ఇస్తాయి. ఏ మతంతోనూ సంబంధం లేదు. మెట్లలో దేవుడి మాట వస్తుంది గానీ, ఎవరికి ఎలా అర్థమైన దేవుడు వాళ్ళకు. ఇదంతా నేను చెప్పాను. పని చేసింది మాత్రం పెద్దాయన చొక్కా గుండీ తీసి చూపించిన జంధ్యంపోగు లాంటి పాత తులసిమాల. "పదిహేడేళ్ళుగా ఆ గదికే పోతా ఉండా. నా సామి నాతోనే ఉండాడు."

ఇక వాచ్‌మన్ సమస్య. మొదటిరోజు పెద్దాయన నెల్లూరులోని మైపాడు గేటు దగ్గర బస్సు దిగేచోట నిలబడి, తన బండి మీద ఎక్కించుకుని వెళ్ళాడు. ఎవరినీ ఏమీ అడగాల్సిన పని లేకుండా పోయింది.

ఆరోజు ఓపెన్ మీటింగ్, బయటివాళ్ళను రానిస్తారు కాబట్టి భార్యతో పాటు నేనూ వెళ్ళాను. తెలియనివాళ్ళ కోసం: ఫీజు లేదు, రిజిస్టర్ లేదు, ఇంటిపేరు అడగరు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఒక ప్రార్థన, కొంత చదవడం, తర్వాత ఒక్కొక్కరు తమ పేరు చెప్పి, ఆల్కహాలిక్‌నని చెప్పి, తమ సంగతి చెప్పుకుంటారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహా ఇవ్వరు, తప్పుపట్టరు. ఖర్చులకు సభ్యులే తలా కొంత వేసుకుంటారు, బయటివాళ్ళ డబ్బు తీసుకోరు. రమణయ్య తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. తన వంతు వచ్చినప్పుడు పేరు చెప్పి ఆగిపోయాడు. చైర్‌లో ఉన్నాయన "చాలు అన్నా" అని పక్కవారి వైపు తిరిగాడు. టీ తాగేటప్పుడు ముగ్గురు ఆయన ఫోన్‌లో తమ నంబర్లు ఎక్కించారు.

జారిన రాత్రి

ఏడో వారంలో గుంటలో వైరస్ కనబడింది. రొయ్య సైజు రాకముందే పట్టుబడి చేసి, వచ్చిన రేటుకు అమ్మేశారు. ఆ రాత్రి రమణయ్య రెండు క్వార్టర్లు తాగాడు.

మర్నాడు మీటింగ్‌కు వెళ్ళలేదు. భార్య నాకు ఫోన్ చేసేలోపే పెద్దాయన ఆయనకు ఫోన్ చేశాడు, కుర్చీ ఖాళీగా ఉంది కాబట్టి. క్లినిక్‌లో మాకు ఈ సంగతి తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా తెలిసేది కాదు. ఆ తర్వాతి మీటింగ్‌కు రమణయ్య వెళ్ళి "మొన్న తాగినా" అని చెప్పాడు. ఎవరూ ముక్కు చిట్లించలేదట. వాళ్ళలో ఇద్దరు తాము జారిన రోజుల గురించి చెప్పారు. వణుకు, చెమటలు లేవని చూసుకుని మేము మందులు అలాగే కొనసాగించాం.

ఒక చిక్కు ఇక్కడే వచ్చింది. ఒక సభ్యుడు "ఆ మాత్రలు కూడా మత్తే, మానెయ్" అన్నాడు. ఇలాంటి సలహాలు గ్రూపుల్లో అక్కడక్కడా వస్తాయి. ఏఏ సొంత ప్రచురణల్లోనే సభ్యులెవరూ తోటివాళ్ళ మందుల విషయంలో డాక్టరు అవతారం ఎత్తకూడదని ఉంది. రమణయ్య మాత్ర ఆపకముందే పెద్దాయనకు చెప్పాడు, ఆయన నాకు చెప్పాడు. ఏ గ్రూప్‌కు పంపినా ఈ మాట పేషెంటుకు ముందే చెప్పి పంపాలి.

భార్య

రమణయ్య తల్లి 1992 సంగతులు బాగా చెబుతుంది. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ లాంటి ఆడవాళ్ళు లేచి నిలబడ్డాక జిల్లా అంతా కదిలింది. సారా వేలంపాటలను అడ్డుకున్న గుంపుల్లో ఈమె కూడా ఉంది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. "అంగడి మూయించాం, నా కొడుకును ఆపలేకపోయినా" అంటుంది. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు గానీ, కోడలి సంగతిలో ఒకటి గమనించాను. ఆమె పన్నెండేళ్ళుగా పొదుపు సంఘంలో ఉంది. అప్పుల సంగతి అందరితో పంచుకుంది గానీ భర్త తాగుడు గురించి అక్కడ ఎన్నడూ నోరు విప్పలేదు. సంఘంలో మరో ఇద్దరి ఇళ్ళలోనూ అదే బాధ ఉందని మొన్నటిదాకా ఒకరికొకరికి తెలియదు.

తాగేవాళ్ళ కుటుంబాల కోసం 1951 నుంచి ఆల్-అనాన్ అనే వేరే సంస్థ ఉంది. ఈమెకు అందుబాటులో మీటింగ్ లేకపోవడంతో సభ్యుడి భార్య ఒకావిడ వారం వారం ఫోన్‌లో మాట్లాడుతోంది. సీసాలు వెతకడం, పర్సు తడమడం, పులుసు సంగతి, అన్నీ ఆమెకే చెప్పుకుంది. పులుసు విషయం భర్తకు క్షమాపణ చెప్పమని ఎవరూ అనలేదు. తనే చెప్పింది.

తోటి కౌన్సిలర్లకు

వైద్య అధ్యయనాలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2020లో వేసిన సమీక్ష 27 అధ్యయనాలను, 10,000కు పైగా మందిని పరిశీలించింది. పేషెంటును ఏఏకు ఒక పద్ధతి ప్రకారం చేర్చే చికిత్సలు, పూర్తిగా మానడం విషయంలో ఆలోచనలు, అలవాట్లు మార్చే సీబీటీ లాంటి మాటల చికిత్సలకన్నా మెరుగ్గా పనిచేస్తున్నాయని తేల్చింది. ఇందులో పద్ధతి ప్రకారం చేర్చడం అన్నది గమనించండి. ఫోన్ మన గదిలోంచే చేయాలి, పేషెంటు ముందే చేయాలి. మొదటిరోజు ఎవరు, ఎక్కడ నిలబడతారో ముందే తేలాలి. బస్సు టైము, డ్యూటీ టైము అడగాలి. అందరికీ ఈ గ్రూప్ నప్పదు. ముఖ్యంగా తాగుడు సమస్య ఉన్న ఆడవాళ్ళను నలుగురు మగవాళ్ళున్న గదికి పంపలేం, వాళ్ళకు ఫోన్‌లో, ఆన్‌లైన్‌లో జరిగే మీటింగ్‌లు చూడాలి. మీటింగ్ అందని ఊళ్ళవాళ్ళకు జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉచితం.

రమణయ్య ఇప్పుడు వారానికి రెండు మీటింగ్‌లకు వెళ్తున్నాడు. అకాంప్రోసేట్ నడుస్తోంది, లివర్ పరీక్షలు మెరుగుపడ్డాయి. నిద్ర ఇంకా సరిగా లేదు. ఓనరు వచ్చే పంటకు రాత్రి డ్యూటీకి మళ్ళీ రమ్మంటున్నాడు, జీతం ఎక్కువ. భార్యకు ఇష్టం లేదు, ఆయన తేల్చుకోలేదు. ఈ నెల సెషన్‌లో దాని గురించే మాట్లాడుకోబోతున్నాం, పెద్దాయనను కూడా రమ్మని రమణయ్యే పిలిచాడు.